చివరి నోటీసు, ఐదు వేల కాపీలు

ఎవరైనా వ్యాపారి బాకీ ఎగ్గొడితే ముక్కు పిండి వసూలు చేసిపెట్టే కంపెనీ ఒకటుంది. ఆ కంపెనీ పంపే ఎర్రక్షరాల చివరి నోటీసులు అచ్చు వేసేది మా ప్రెస్సే. ఆ నోటీసుల తాలూకు డబ్బు మాకు ఎనిమిది నెలలుగా రాలేదు. ఇందులో నవ్వాల్సింది ఏమీ లేదని చాలామందికి చెప్పాను. అందరూ నవ్వారు.

వారానికి రెండుసార్లు చెప్పులరిగేలా వాళ్ళ ఆఫీసుకి తిరిగాను. మేనేజరు చాలా మర్యాదస్తుడు. కుర్చీ చూపిస్తాడు, మంచినీళ్ళు తెప్పిస్తాడు, "రేపు తప్పకుండా మేడమ్" అంటాడు. ఆయనకి రేపుగారని పేరు పెట్టుకున్నాను. వెనక గదిలో ఆయన మనుషులు పదిమంది ఫోన్లలో "రేపూ గీపూ కుదరదండీ, ఇవాళే కట్టాలి" అని అరుస్తుంటారు. ఆ అరుపులు వింటూ ఆ నీళ్ళు తాగడం నాకు అలవాటైపోయింది.

నా తొందరంతా బాబాయి గురించి. సొంత బాబాయి కాదు. నాన్న ప్రెస్సు పెట్టిన రోజు నుంచీ మెషీను నడుపుతున్న మనిషి. ఆ ముసలి మెషీను చప్పుడు విని ఏ రోలరు అలిగిందో చెప్పేస్తాడు. నోరు తెరిచి జీతం అడగడు. నెలాఖరు దగ్గరపడగానే నా బల్ల దగ్గరికొచ్చి కాసేపు నిలబడతాడు. "వచ్చే వారం చూద్దాం బాబాయ్" అంటాను. తలూపి వెళ్ళిపోతాడు. ఈసారి మాత్రం వెళ్ళలేదు.

"పక్కవీధి ప్రెస్సువాళ్ళు ఒకటో తారీఖు నుంచి రమ్మంటున్నారమ్మాయ్," అన్నాడు.

ఒకటో తారీఖుకి తొమ్మిది రోజులుంది. ఆయన వెళ్ళిపోతే మెషీనుని తుక్కు కింద అమ్ముకోవడమే.

ఒళ్ళు మండి ఒక పని చేశాను. వాళ్ళ నోటీసునే తీసుకుని, బాకీదారు అన్నచోట వాళ్ళ కంపెనీ పేరు, రావలసినవారు అన్నచోట మా ప్రెస్సు పేరు, కింద మొత్తం వేసి ఒక కాపీ తీశాను. "ఏడు రోజుల్లో చెల్లించని పక్షంలో మీ పరువుకు మీరే బాధ్యులు" అన్న వాక్యం వాళ్ళదే. ప్రూఫులు చూసీ చూసీ నాకు కంఠతా వచ్చేసింది.

కవర్లో పెట్టి పంపమని బాబాయికిచ్చాను. ముప్ఫై ఏళ్ళుగా ఆయన చేతి మీదుగా బయటికి వెళ్ళిన ప్రతి కాగితమూ, అచ్చుకి ముందు ఖాతాదారు సరిచూసి పంపాల్సిన ప్రూఫే. అలవాటుకొద్దీ దీనికింద కూడా మా రబ్బరు స్టాంపు గుద్దేశాడు: "వివరాలన్నీ సరిచూసుకున్నాం. ఇలాగే అచ్చు వేయండి." దానికింద సంతకానికి గీత. అది నాన్న పెట్టిన నియమం. ఆ గీత మీద సంతకం లేనిదే ఏదీ మెషీను ఎక్కదు. సంతకం ఉంటే ఎక్కి తీరాలి.

మర్నాడు కాగితం తిరిగొచ్చింది. రేపుగారు దాన్ని చదివిన దాఖలా లేదు. "పక్షంలో" తర్వాత మాత్రం ఒక కామా పెట్టాడు. గీత మీద సంతకం, కంపెనీ ముద్ర, పక్కన "5,000 కాపీలు. అర్జెంటు."

ఏం చెయ్యాలో తెలీక దానివంకే చూస్తూ కూర్చున్నాను. బాబాయి నా భుజం మీంచి తొంగిచూసి, "సంతకం ఉంది కదమ్మాయ్," అని వెళ్ళి మెషీనుకి నూనె పోశాడు.

మూడోరోజు మొదటి కట్ట రేపుగారి బల్ల మీద పెట్టాను. ఎదురుగా ఆయన పెద్ద ఖాతాదారులు ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఆయన పైకాగితం చదివాడు. మళ్ళీ చదివాడు. మొహంలో నెత్తుటిచుక్క లేదు.

"ఇవి... ఎవరికైనా పంపారా?"

"ఇంకా లేదండీ. మిగతావి కింద బండిలో ఉన్నాయి. ఇక్కడ దించమంటారా, పోస్టులో వేసేయమంటారా?"

ఆయన కట్టని గబుక్కున బోర్లా తిప్పాడు.

"మీరు పెట్టిన కామా కూడా పెట్టామండీ," అన్నాను.

పది నిమిషాల్లో నా ఫోను మోగింది. ఐదు వేల కాపీల బిల్లుతో సహా డబ్బు మొత్తం పడింది. ఈసారి మంచినీళ్ళు ఆయనే తాగాడు.

గాల్లో తేలుతూ ప్రెస్సుకొచ్చాను. బాబాయి చేతుల సిరా కడుక్కుంటున్నాడు. నా బల్ల మీద ఇంకో ఎర్రక్షరాల కాగితం ఉంది. బాకీదారు నేను. రావలసినవారు బాబాయి. మూడు నెలల జీతం. కింద స్టాంపు, గీత.

తల కొట్టేసినట్టయింది. ఇంకొకాయనకి రేపుగారని పేరు పెట్టి ఊరంతా చెప్పుకు తిరిగాను. బాబాయి నాకు వచ్చేవారంగారని పెట్టుకుని ఉంటే అనడానికి నాకు నోరు లేదు.

కూర్చుని ప్రూఫు చూశాను. ఒకే ఒక్క తప్పు. రావలసింది నాలుగు నెలలది. మెషీను పాడై పని లేకుండా కూర్చున్న నెలని ఆయన వదిలేశాడు. మూడు కొట్టేసి నాలుగని దిద్దాను. సంతకం పెట్టి, డబ్బు ఆయనకి పంపించి, కాగితం చేతికిచ్చాను.

దిద్దినచోట ఆయన వేలు పెట్టి చూసుకున్నాడు. తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

"మరి పక్కవీధివాళ్ళకి ఏం చెప్తావు బాబాయ్?" భయంభయంగానే అడిగాను.

"ఏముందమ్మాయ్," అన్నాడు. "వచ్చే వారం చూద్దామంటాను."