పొగలో పోయిన బంగారం

చెన్నకేశవ శెట్టికి ఫ్యాను మీద పగ. నడింట్లో గాలి కోసం తిరిగే ఫ్యాను కాదు. కొట్టు వెనక, బంగారం శుద్ధిచేసే గదిలో కోడలు నయన పెట్టించిన ఫ్యాను మీద.

కోలారు బంగారు గనుల పక్క ఊరు రాబర్ట్‌సన్‌పేట బజారులో ఆయనది పాతకాలపు నగల కొట్టు. జనం అమ్మిన పాత నగలు కరిగించి, యాసిడ్‌లో వేసి, రాగీ వెండీ వదిలించి మేలిమి తీయడం ఆయన స్వయంగా చేసే పని. కొడుకు అమర్నాథ్‌ని కూడా దగ్గరికి రానివ్వడు. యాసిడ్ పోయగానే ఎర్రటి పొగ లేస్తుంది. ఇన్నేళ్లూ పెరట్లో ఆరుబయట చేసేవాడు కాబట్టి అది గాలికి పోయేది. పెరడు పోయి మేడ లేచాక పని గదిలోకొచ్చింది, దానితోబాటు పొగా వచ్చింది.

నయన మాలూరులో రంగుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం చేస్తూనే, శని ఆదివారాలు బెంగళూరుకు పోయి కెమికల్ ఇంజనీరింగులో పార్ట్‌టైం ఎం.టెక్ చదువుతోంది. వారమంతా ఉద్యోగం, వారాంతం రైలు, మిగిలిన టైములో సంసారం. ఆ మిగిలిన టైము ఎక్కడుందని మాత్రం అడక్కండి. ఆఖరి ఏడాది ప్రాజెక్టు కోసం ఎక్కడెక్కడో వెతక్కుండా మామగారి గదినే పట్టుకుంది. పొగ లేచేచోట రేకుతో గూడు, దాన్ని లాగే ఫ్యాను, లాగిన పొగను ముంచేందుకు కాస్టిక్ సోడా నీళ్ల డ్రమ్ములు. పొగ ఆ డ్రమ్ముల్లోనే చచ్చేది. పక్క కొట్టు పురుషోత్తమ్‌తో సహా వీధిలో ఇంకో ముగ్గురు వ్యాపారులు ముచ్చటపడి తామూ పెట్టించుకున్నారు.

అంతా బాగానే ఉంది అనుకునే లోపల ఒకసారి తూకంలో బంగారం కాస్త తగ్గింది.

"పొగతో బాటు నా బంగారాన్ని కూడా పీల్చేస్తా ఉండాది నీ ఫ్యాను" అన్నాడు చెన్నకేశవ.

"పొగలో బంగారం పోదు మామా. కడిగిన నీళ్లు వంచేటప్పుడు పొడి జారిపోతా ఉండాది" అంది నయన.

తన చెయ్యి జారిందంటే ఆ చెయ్యిగల మనిషి ఒప్పుకుంటాడా? ఫ్యానుకైతే నోరు లేదు, ఎన్ని తిట్టినా పడుంటుంది.

ఆ ప్రాజెక్టుకు సోమవారం వైవా పరీక్ష. ముందురోజు ఆదివారం నయన కాలేజీకి పోయి, గైడు దగ్గర అన్నీ సరిచూసుకుని మధ్యాహ్నం రైలుకు తిరిగొచ్చింది. అత్త గౌరమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది.

"మీ మామకు పొద్దున ఒకటే దగ్గమ్మా, కండ్లల్లో నీళ్లు. మిరియాల కషాయం ఇస్తిని. ఇప్పుడు బాగుండాడు, అన్నం కూడా తిన్యాడు."

నయన చెప్పులతోనే వెనక గదికి పరుగెత్తింది. ఫ్యాను ఆపి ఉంది. కిటికీ సందుల్లో గోనెపట్టా కుక్కి ఉంది. ఘాటు ఇంకా పోలేదు. భద్రత సబ్జెక్టులో చదివిన పాఠమంతా ఆమె కళ్ల ముందుకొచ్చింది. ఈ పొగ దొంగముండది. పీల్చినప్పుడు నాలుగు దగ్గులు దగ్గించి ఊరుకుంటుంది. మనిషి బాగున్నాననుకుని అన్నం తింటాడు, కబుర్లు చెప్తాడు. గంటలు గడిచాక ఊపిరితిత్తుల్లో నీరు ఊరడం మొదలవుతుంది. అప్పుడు ఎవరు ఎత్తుకుని పరుగెత్తినా లాభం ఉండకపోవచ్చు.

నడింట్లో పడుకున్న మామ దగ్గరికి వచ్చింది. "మామా, లేయండి. ఇప్పుడే కోలారు పెద్దాసుపత్రికి పోవాల."

"రేపు వైవా కదా, నీకు అన్నీ ప్రశ్నపత్రం మాదిరే కనిపిస్తాయిలే" అని అమర్నాథ్ ఫోను లోంచి తలెత్తకుండానే నవ్వాడు.

"నలభై ఏండ్లుగా పీలుస్తా ఉండా, నాకేమైంది? సుమ్మనే ఊరికే గలాటా చెయ్యద్దమ్మా" అన్నాడు చెన్నకేశవ. కానీ మొహం వాడిపోయి ఉంది. అది దగ్గు వల్ల కాదని మరుక్షణమే తెలిసింది. "ఫ్యాను ఆపితిని. కిటికీ మూస్తిని. నేను తప్ప గదిలో నరపురుగు లేదు. ఐనా ఈపొద్దు కూడా తగ్గిందమ్మా! యాడికి పోయింటుంది?"

నయనకు ఒళ్లు మండింది. ప్రాణం పోతుందంటే చలించని మనిషి, పిసరు బంగారానికి కుమిలిపోతున్నాడు! ఆ మంటలోంచే మాట వచ్చేసింది.

"యాడికి పోతాది? మీ లోపలికే పోయింది."

ఆయన లేచి కూర్చున్నాడు.

"మీరు చెప్పిందే నిజం మామా, నేనే పొరబడినాను. పొగలో బంగారం ఉండాది. ఫ్యాను ఉంటే ఫ్యాను లాగుతాది, ఈపొద్దు మీరు లాగినారు. ఇంగ ఆలస్యం చేస్తే రక్తంలో కలిసిపోతాది. ఏ డాక్టరూ తీయలేడు."

చెన్నకేశవ జేబు తడుముకున్నట్టు రొమ్ము తడుముకున్నాడు. "అమరా, కారు తియ్యరా" అన్నాడు.

బంగారుపేట దాటాక ఊపిరి బరువెక్కింది. కోలారు చేరేసరికి పెదాలు నల్లబడ్డాయి. ఇంకాస్త ఆలస్యమైతే చేతుల్లో ఉండేది కాదన్నాడు డాక్టరు. అమర్నాథ్ గోడకానుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సోమవారం వైవా జరిగే వేళకు నయన ఆసుపత్రి వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది.

చెన్నకేశవ బతికి ఇంటికొచ్చాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం, అయినా వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట: "పొగలో బంగారం పోతాదని నేను ముందే చెప్తిని. మా కోడలు ఎం.టెక్ చదివిన మనిషి, ఆయమ్మే ఒప్పుకునింది!"

గైడు పుణ్యమా అని వైవాకు ఇంకో తేదీ దొరికింది. అన్నిటికీ చక్కగా జవాబు చెప్పింది. చివర్లో పరీక్షకు వచ్చిన పెద్దాయన, "మీ వీధిలో దీన్ని నిజంగా వాడుతున్నారా?" అని అడిగాడు. "నాలుగు చోట్ల వాడుతున్నారు సార్" అంది గర్వంగా. అందరూ చప్పట్లు కొట్టారు.

సాయంత్రం బజారులో నడిచొస్తుంటే పురుషోత్తమ్ కొట్టు మెట్ల మీద ఊడదీసిన ఫ్యాను కనిపించింది.

"నీ మాట వినే తీసేసినామమ్మా. నేనే కాదు, ముగ్గురమూ" అన్నాడు ఆయన సంతోషంగా. "కిటికీలు కూడా బిగించేసినాం."

నయన గబగబా మెట్లెక్కింది. మామను ఆసుపత్రికి తీసుకుపోవడానికి అబద్ధం చెప్పానని, పొగలో బంగారం లేదు చావు ఉందని, బతిమాలి చెప్పింది. పురుషోత్తమ్ మర్యాదగానే విన్నాడు.

"మామ ప్రాణం కోసం అప్పుడు అబద్ధం చెప్పినానంటావు. మా ప్రాణం కోసం ఇప్పుడు ఇంగో అబద్ధం చెప్తా ఉండావేమో? నాకెట్ల తెలుస్తాదమ్మా?"

నయన తిన్నగా ఇంటికొచ్చి వెనక గదిలో చూస్తే చెన్నకేశవ యాసిడ్ సీసా ముందు పెట్టుకుని, ఎగరొప్పుతూ కిటికీలో గోనెపట్టా కుక్కుతున్నాడు. ఆమె లోపలికి పోయి తలుపు గడియపెట్టి ఆయన పక్కన కూర్చుంది.

"నువ్వు బయటికి పో అమ్మా. పని మొదలు పెట్టాల."

"మొదలు పెట్టండి. నేనూ పీలుస్తాను."

"పిచ్చా నీకు?"

"ఆపొద్దు మీకు చెప్పింది అబద్ధం మామా. కాదు, నిజమే అంటారా? అట్లయితే లోపలికి పోయే బంగారంలో నాకూ వాటా రానీండి."

చెన్నకేశవ సీసా ఎత్తాడు. కోడలి వైపు చూశాడు. ఆమె లేవలేదు. సీసా వంచబోయాడు, చెయ్యి వంగలేదు. ఆసుపత్రిలో గాలి కోసం తన్నుకున్న రాత్రి గుర్తొచ్చిందో ఏమో, ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. సీసా దించి, కిటికీలోని గోనెపట్టా పీకేసి, ఫ్యాను వేశాడు.

"నాకింకా నమ్మకం లేదు" అన్నాడు. "పోతే పోనీలే బంగారం."

నయన మోకాళ్ల మీద తలవాల్చి ఏడ్చేసింది. ఆయన యాసిడ్ సీసాకు మూత బిగించాడు. తర్వాత, "నా పక్కన నువ్వు కూర్చున్యావు. ఆ పురుషోత్తమ్ పక్కన ఎవరు కూర్చుంటారమ్మా? వానికి చెప్పింది నేనే గదా" అన్నాడు.

"నేను చెప్తే నమ్మలేదు మామా."

"నేను చెప్పినా నమ్మడు." గోడ పట్టుకుని లేచి, గడియ తీసి, చెప్పుల కోసం కాలితో వెతుక్కున్నాడు. "పోయి వాని గదిలో కూర్చుంటా. నన్ను పక్కన పెట్టుకుని యాసిడ్ ఎట్ల పోస్తాడో చూస్తా."

ఎంత వద్దన్నా వినకుండా, అడుగడుక్కీ ఆగి ఊపిరి పీల్చుకుంటూ వీధిలోకి నడిచాడు.