వంతెన మీద నలభై రెండు వంతులు

మా ఆటలో ఎవరూ ఎవరినీ మోసం చెయ్యరు. ఈ మాట చాలామందికి చెప్పాను, చెప్పినప్పుడల్లా కాస్త ఛాతీ విరుచుకునే చెప్పాను. కొండంత రాక్షసుడికైనా, కర్ర పట్టుకుని ఇల్లు వదిలిన కథానాయకుడికైనా లెక్క ఒకటే. కొట్టేవాడి బలంలోంచి, దెబ్బ తినేవాడి కవచంలో సగం తీసెయ్యాలి, మిగిలింది దెబ్బ. పాచిక వేసినట్టు దానికి కొంచెం అటూ ఇటూ కలుపుతాం, లేకపోతే జనానికి విసుగొస్తుంది. ఎవడు చురుకైతే వాడిది ముందు వంతు. 'కాచుకో' అని నొక్కితే దెబ్బ సగమవుతుంది. యుద్ధమంటే అంతే. మెరుపులూ, బాకాలూ, తెర అదరడాలూ అన్నీ ఈ లెక్క మీద కప్పిన దుప్పటి.

1991లో ఒసాకాలోని తెన్మా బజారు వెనక, ఉదాన్ నూడుల్స్ కొట్టు పైన మూడో అంతస్తులో పదకొండుమందిమి కూర్చుని ఈ వీడియో ఆట తయారుచేశాం. అందులో అంకెలన్నీ నావి. నా పేరు వాకిసాక ఇసావో. ఏ రాక్షసుడికి ఎంత ప్రాణం, ఏ కత్తికి ఎంత పదును, ఏ మంత్రానికి ఎంత మంట అన్నవి రెండేళ్లపాటు రాసుకుంటూ, కొట్టేసుకుంటూ గడిపాను. అంతకుముందు రెండు ఆటలకీ ఇదే పని చేశాను. కానీ ఆట చివర తెర మీద పైకి జరిగే పేర్ల పట్టికలో నా పేరు 'ముల్లంగి' అని పడింది. ఆ రోజుల్లో అసలు పేరు వేస్తే పక్క కంపెనీవాడు మనిషిని ఎగరేసుకుపోతాడని భయం, అందుకని అందరికీ దొంగపేర్లు పెట్టేవారు. మూడో ఆటకి మా ప్రెసిడెంటు తొకుడా గారు ఏ కళనున్నారో, ఈసారి అసలు పేర్లే వేద్దామన్నారు.

మా అమ్మాయి చినామి అప్పుడు ఒకటో తరగతి. వాళ్ల నాన్న ఆటలు తయారుచేస్తాడంటే క్లాసులో ఒక్కళ్లూ నమ్మలేదు. ముల్లంగిని చూపిస్తే ఇంకా నవ్వారు. ఏడుస్తూ ఇంటికొచ్చింది. ఈసారి నీకు చదవడం వచ్చిన అక్షరాల్లోనే నా పేరు పడుతుంది, తీసుకెళ్లి చూపించు అని మాటిచ్చాను. అది మర్నాడే క్లాసంతా టముకు వేసింది. మాట ఇవ్వడం నాకు అలవాటు లేని పని, అందుకే ఆ పేరు కోసం నేనూ పిల్లలాగే రోజులు లెక్కపెట్టుకున్నాను.

ఇక వంతెన సంగతి. ఇలాంటి ఆటల్లో ఒక ఆనవాయితీ ఉంది: ఒక్క యుద్ధమైనా ఓడిపోయి తీరాలి. కథకి అది కావాలి. మా ఆటలో నల్ల గుర్రం మీద ఒక సేనాని వస్తాడు, వంతెన మీద కథానాయకుణ్ణి చితక్కొడతాడు, పక్కనే ఉన్న ముసలి దళపతి వాణ్ణి కాపాడబోయి చచ్చిపోతాడు, వంతెన కూలిపోతుంది. గుర్రంవాడికి రెండువేల అయిదువందల ప్రాణం పెట్టాను. అప్పటికి కథానాయకుడి ప్రాణం తొంభై ఆరు. నాలుగు వంతుల్లో పని అయిపోతుంది. పొరపాటున దళపతి ముందే చచ్చిపోతే కథ చెడుతుందని యుద్ధం నడిచినంతసేపూ అతనికి మాత్రం చావు లేకుండా చేశాను. అందరూ చేసేదే. అతను మనం చెప్పినట్టు వినడు, తన ఇష్టం వచ్చినట్టు పోరాడతాడు.

ఆట క్యాసెట్‌లోకి వెళ్లే చిప్పు ఫ్యాక్టరీకి బయల్దేరాల్సిన రోజు వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి మనిషి వచ్చి తీసుకెళతాడు. ఉదయం పదకొండింటికి పరీక్షల బల్ల దగ్గర్నుంచి ఫుసాయె గారు పిలిచారు.

"వాకిసాక గారూ, ఓసారిటు రండి. బొమ్మ కదలట్లేదు."

ఫుసాయె గారికి అరవై ఒకటి. ట్రాన్సిస్టర్ రేడియోల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్కేళ్లు తనిఖీ బల్ల దగ్గర కూర్చుని రిటైరయ్యారు. ఆట పరీక్షించడానికి వచ్చే కాలేజీవాళ్లు గెలవడానికి ఆడతారు. ఈవిడ తప్పు దొరికేదాకా ఆడతారు. మేమందరం పిన్నిగారూ అని పిలిచేవాళ్లం, పిలిచినప్పుడల్లా కొంచెం భయపడేవాళ్లం.

"ఎక్కడ ఆగింది పిన్నిగారూ?"

"వంతెన మీద. గుర్రంవాడు చచ్చాడు."

"వాడు చావడండీ."

"చచ్చాడు నాయనా. నలభై రెండో వంతులో." నోట్‌బుక్కు నా ముందుకు తోశారు. వంతు వంతుకీ ఎవరి ప్రాణం ఎంతో ముత్యాల్లాంటి అంకెల్లో రాసి ఉంది.

చదువుతుంటే ఒక్కొక్కటీ అర్థమైంది. కథానాయకుడి ప్రాణం పావుకి, అంటే ఇరవై నాలుగుకి దిగి, వాడు 'కాచుకో' అని నిలబడితే, దళపతి ముందుకొచ్చి వాడి మీద పడాల్సిన దెబ్బ తను తింటాడు. దళపతి మంచితనం జనానికి తెలియాలని అది నేనే పెట్టాను. అతనికి చావు లేదన్నది అప్పుడు గుర్తు రాలేదు. ఇక ఎన్ని దెబ్బలైనా తింటాడు, వంతుకి అరవై చొప్పున తిరిగి కొడుతూనే ఉంటాడు. ఒక్కటే చిక్కు. గుర్రంవాడు ఉండుండి మంట కురిపిస్తాడు, దానికి ఎవరూ అడ్డుపడలేరు, కాచుకున్నా పదమూడు పోతుంది. కాబట్టి కథానాయకుడి ప్రాణం ఇరవై నాలుగు దాటకూడదు, పదమూడుకి దిగకూడదు. మంట పడ్డాక మందాకు వేసుకుంటే ప్రాణం మరీ పైకి పోతుంది, అప్పుడు కావాలని ఒక దెబ్బ తిని మళ్లీ కిందికి రావాలి. ఆ సన్నటి సందులో ఫుసాయె గారు నలభై రెండు వంతులు నడిచారు. గుర్రంవాడు చచ్చాక ఏం జరగాలో మేం రాయలేదు. ఓడిపోవడానికి పెట్టిన యుద్ధంలో గెలుపు గురించి ఎవడు రాస్తాడు? ఆట వెతుక్కుని, ఏమీ దొరక్క, కొయ్యబారింది.

ప్రోగ్రామర్ కుజె వచ్చి నోట్‌బుక్కు చూసి తల పట్టుకున్నాడు.

"పిన్నిగారూ, మీరు ఆడుతున్నారా, తపస్సు చేస్తున్నారా?"

"ట్రాన్సిస్టర్లు చూసినదాన్నిరా. నలభై రెండు ఓ లెక్కా? నీ జుట్టు దువ్వడమే కష్టం."

కుజె నావైపు తిరిగాడు. "భయపడకు. ఒక్క అంకె మారిస్తే సరి. ప్రతి వంతు చివరా గుర్రంవాడి ప్రాణం నిండిపోయేలా పెట్టేస్తా. బ్రహ్మదేవుడొచ్చినా గెలవడు."

"పెట్టెయ్," అన్నాను. పది నిమిషాల్లో అయిపోయింది. హమ్మయ్య అనుకుని కొరొక్కే అనే బంగాళాదుంప వడలు కొనుక్కోవడానికి కిందికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి ఫుసాయె గారు మళ్లీ వంతెన మీదే ఉన్నారు. టీ చల్లారిపోయింది. అరవై మూడో వంతు నడుస్తోంది. మందాకులు అయిపోయాయి. నేను చూస్తుండగానే మంట పడి కథానాయకుడు కూలిపోయాడు. ఆవిడ తేదీ వేసి 'ఓటమి' అని రాసుకున్నారు.

"ఇంకా ఎన్ని వంతులు నిలబడితే వాడు చస్తాడు?" అని అడిగారు.

"చావడు పిన్నిగారూ. ఇప్పుడు మార్చేశాం."

"ఎన్ని కొట్టినా?"

"ఎన్ని కొట్టినా. ప్రతి వంతుకీ నిండిపోతుంది."

"మరి తెర మీద 'పోరాడు' అని ఎందుకుంది?"

ఆవిడ కోప్పడలేదు, కోప్పడితే బాగుండేది. కళ్లజోడు తీసి రుమాలుతో తుడుచుకున్నారు.

"నేనొచ్చిన మొదటిరోజు మీరే కదా చెప్పారు, ఇందులో ఎవరూ మోసం చెయ్యరు, అంతా లెక్కే అని? అందుకే నాకీ పని నచ్చింది. కొట్టినట్టు చూపించి కొట్టకపోతే లెక్కెందుకు? తీసెయ్యండి. ఊరికే బొమ్మ వేసి కథ చెప్పెయ్యండి, చదువుకుంటాం."

చెంప మీద కొట్టినట్టయింది. రెండేళ్లలో నా పనిని అర్థం చేసుకున్న మనిషి ఈవిడ ఒక్కరే అని నాకు అప్పుడే తెలిసింది. కుజె బల్ల దగ్గరికి వెళ్లి ఆ అంకె మళ్లీ పాతదే పెట్టమన్నాను.

"పిచ్చా? గెలిస్తే ఆట కొయ్యబారుతుంది," అన్నాడు.

"గెలిస్తే ఏం జరగాలో రాద్దాం. దళపతి ఒక్క మాట అంటాడు, తరవాత వంతెన కూలిపోతుంది, మిగతా కథ ఎలా ఉందో అలాగే సాగుతుంది."

"ఎక్కడ రాస్తావోయ్, నా నెత్తి మీదా? చిప్పులో మిగిలింది ఒక్క అక్షరం చోటు. మధ్యలో ఎక్కడ కదిపినా అన్నీ జరుగుతాయి, మళ్లీ నెల రోజులు పరీక్షలు." కుజె పెన్సిలుతో చెవి గోక్కున్నాడు. "కదపగలిగింది చిట్టచివర ఉన్న పేర్ల పట్టిక ఒక్కటే. దాని తరవాత ఏమీ లేదు."

పట్టికలో 'కృతజ్ఞతలు' అన్నచోట ప్రెసిడెంటు గారి గోల్ఫు స్నేహితుడి పేరుంది. ఆయన ఈ ఆటకి చేసిన సాయం ఏమిటో ఎవరికీ తెలియదు. అది తీసేద్దామా అని తొకుడా గారిని అడిగాను.

"అయ్యో, ఆయనకి చెప్పేశానయ్యా," అన్నారు బాధగా. "ఇంట్లో అందరికీ చెప్పుకున్నాడట. నీకైతే తెలుసుగా, ఒకసారి చెప్పాక ఎలా ఉంటుందో."

తెలుసు. మిగతా పేర్లన్నీ బొమ్మలు వేసినవాళ్లవి, పాటలు కట్టినవాళ్లవి, కుజెది, పరీక్షించినవాళ్లవి. ఒక్కొక్కటీ చదివాను. ఎవరిది తీస్తాను? నేను పెట్టిన వంతెన, నేను వదిలిన కన్నం. నా వరుసలో పని పేరు, నా పేరు, దాన్ని పైకి జరిపే ఆజ్ఞలు కలిపి ఇరవై నాలుగు అక్షరాల చోటు. దళపతి మాటకి కావల్సింది ఇరవై అయిదు. ఆ మిగిలిన ఒక్కటీ కలిస్తే సరిగ్గా సరిపోయింది. అలా సరిపోయినందుకు నాకు ఒళ్లు మండింది.

"చినామికి ఏం చెబుతావ్?" అని కుజె అడిగాడు. వాడికి ఆ సంగతి తెలుసు.

"నువ్వు నీ పని చూడు," అన్నాను.

దళపతి మాట ఇది: 'గెలిచావు. అయినా వంతెన నిలవదు. పో.' ఒంటిగంటకి ఫుసాయె గారు మళ్లీ మొదలుపెట్టారు. నేనూ కుజె కలిసి ఆవిడ వెనక నిలబడి చూశాం. ఇరవై తొమ్మిదో వంతులో ప్రాణం పద్నాలుగుకి దిగినప్పుడు కుజె నా చెయ్యి నొక్కేశాడు. నలభై రెండో వంతులో గుర్రంవాడు కూలాడు, దళపతి ఆ మాట అన్నాడు, వంతెన విరిగింది, ఆట సాగింది. ఫుసాయె గారు పుస్తకంలో 'సరే' అని రాసి గీత కొట్టారు. మూడింటికి మనిషొచ్చి చిప్పు పట్టుకుపోయాడు.

పేరు సంగతి నేను ఇంట్లో చెప్పలేదు. పిరికితనమే. చినామి చిన్నపిల్ల, అంత పెద్ద ఆట చివరిదాకా ఎక్కడ ఆడుతుంది, ఈలోగా మర్చిపోతుందిలే అనుకున్నాను. అది మర్చిపోలేదు. బడి నుంచి వచ్చి రోజుకో గంట చొప్పున అయిదు నెలలు ఆడింది. వర్షాకాలంలో ఒక ఆదివారం పొద్దున ఆట పూర్తయి పేర్లు పైకి జరిగాయి. తెరకి ముక్కు ఆనించి చదివింది. గోల్ఫు స్నేహితుడి పేరు కూడా చదివింది. అన్నీ అయిపోయి తెర నల్లగా అయ్యాక నావైపు తిరిగింది.

"లేదు."

ఏం జరిగిందో అంతా చెప్పాను. నా పేరుకున్న చోట్లో వంతెన మీద ఒక మాట ఉంది, గెలిస్తే కనిపిస్తుంది, ఆ మాట నాన్నదే అన్నాను. అది చెప్పేటప్పుడు నా గొంతు నాకే నచ్చలేదు.

"వంతెన మీద గెలవలేం నాన్నా. మా క్లాసులో అందరూ ఓడిపోయారు."

"గెలవొచ్చు. లెక్క ప్రకారం నలభై రెండు వంతులు."

"నువ్వు గెలిచావా?"

నేను ఎప్పుడూ గెలవలేదు. అసలు ప్రయత్నించలేదు. అంకెలు రాసినవాణ్ణి, నాకు ఆడాల్సిన అవసరమేముంది అనుకున్నాను. లేదు అన్నాను. చినామి కంట్రోలర్ తెచ్చి నా ఒళ్లో పెట్టి పక్కన కూర్చుంది.

ఆడాను. ఇరవై నాలుగు దాటకూడదు, పదమూడుకి దిగకూడదు, ఆ సంగతి లోకంలో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. పదిహేడో వంతులో తొందరపడి ఒక మందాకు ఎక్కువ వేశాను. పంతొమ్మిదో వంతులో చచ్చాను. మళ్లీ ఆడాను, పదకొండులో చచ్చాను. మూడోసారి ఎనిమిదిలోనే. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఫుసాయె గారి పేరు పట్టికలో ఉంది, ఆరో వరుసలో.

చినామి నా ఒళ్లోంచి కంట్రోలర్ తీసేసింది. తరవాత లేచి, స్కిప్పింగ్ తాడు తీసుకుని, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ అంది.

"నీ పేరు వెయ్యకపోవడమే మంచిదైంది నాన్నా. ఉంటే మా క్లాసువాళ్లు నిన్ను ఆడి చూపించమనేవాళ్లు."