కిరణ్ పాల్ గారి బైబిలు పాఠం

మొగుడి తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తూ, ఇస్త్రీపెట్టెను కాలరు మీద ఇంకో నిమిషం అలాగే ఉంచేద్దామా అనుకుంది ప్రిస్కిల్లా. ఉంచలేదు.

"నోట్సు నా ఫోన్‌కి పంపావా? పెద్దక్షరాల్లో పెట్టమన్నాను కదా," స్నానాలగదిలోంచి అరిచాడు కిరణ్ పాల్.

పంపింది.

ఆమెకు అసూయ. దానికి మర్యాదైన పేరు వెతకక్కర్లేదు. మొగుడి మీదే అసూయ. నాలుగేళ్లుగా రాయదుర్గం మెట్రోలో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో ఫోన్‌లో హెబ్రీ అక్షరాలు దిద్దుకున్నది ఆమె. పప్పు ఉడికేలోగా గ్రీకు క్రియలు బట్టీ పట్టింది ఆమె. ఆదివారం మైకు పట్టుకునేది మాత్రం అతను. "ఆడవాళ్లు పాటలు పాడొచ్చు, పిల్లలకు కథలు చెప్పొచ్చు. పెద్దవాళ్లకు వాక్యం చెప్పడమేంటే? వాడికి అందిస్తే చాలదా?" అని అత్త కృపమ్మ ఎప్పుడో తేల్చేసింది. "మనిద్దరం ఒకటే కదా ప్రిస్కీ, ఎవరు చెబితే ఏం?" అంటాడు కిరణ్. ఒకటే అయితే, జనం వరసకట్టి ఇచ్చే కరచాలనాల్లో ఒక్కటైనా ఆమె చేతికి రాదేం?

మాదాపూర్‌లో సంఘం కిరాయికి తీసుకున్న హాలు నిండిపోయింది. ముందు వరసలో సామ్యేలు గారు, బైబిలు కళాశాలలో చదువు చెప్పి రిటైరైన పెద్దాయన. సంఘం కొత్తగా పెట్టబోయే ఆరు నెలల బైబిలు తరగతి ఎవరికి అప్పగించాలో ఈరోజు ఆయనే తేలుస్తారు.

కిరణ్ అదరగొట్టాడు. ఆమె కడుపు మండింది అందుకే. మొదటి రాతప్రతులేవీ మిగల్లేదనీ, మనకున్నవన్నీ నకళ్లేననీ చెప్పాడు. యూదు లేఖకులు అక్షరాలు లెక్కపెట్టి మరీ సరిచూసిన సంగతి చెబుతుంటే హాలు ఊపిరి బిగబట్టింది. అన్నీ ఆమె వాక్యాలే. ఆఖరికి జోకు కూడా.

"పాత నిబంధన దాదాపు అంతా హెబ్రీ, కొత్త నిబంధన గ్రీకు. దానియేలు, నెహెమ్యా గ్రంథాల్లో కొన్ని అధ్యాయాలు మాత్రం అరామిక్," అన్నాడు.

ప్రిస్కిల్లా చటుక్కున తలెత్తింది. నెహెమ్యా కాదు, ఎజ్రా. కుక్కరు దించడానికి మధ్యలో లేచి, మళ్లీ వచ్చి రాసిన వాక్యం అది.

సామ్యేలు గారు చెయ్యెత్తారు. "నెహెమ్యాలో ఏ అధ్యాయం బాబూ?"

కిరణ్ ఫోన్ తెర పైకీ కిందికీ జరిపాడు. "ఇందులో... అలాగే ఉందండి, అయ్యగారూ."

"ఎందులో?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కిరణ్ ఆమె వైపు చూశాడు, కూరలో ఉప్పు తక్కువైనప్పుడు చూసినట్టు. "మా ఆవిడ టైపు చేసిందండి. ఏదో పొరపాటు చేసుంటుంది."

జాలి పడాల్సింది. పడలేదు. ఏ నకలు ఏ ప్రతిని చూసి రాశారో పండితులు పట్టుకునేది తప్పుల వల్లే. ఒకే ఒప్పు పదిమందీ రాయగలరు. ఒకేచోట ఒకే తప్పు ఊరికే రాదు. మంచి మాటలన్నీ తన పేరున ఉంచుకుని, ఈ ఒక్క తప్పూ ఆమెకు వదిలేశాడు.

లేచింది. పక్కనే కూర్చున్న కృపమ్మ ఆమె చున్నీ పట్టి లాగింది. "కూర్చోవే, పరువు తీయకు!"

చున్నీ అత్త చేతిలోనే వదిలేసి ముందుకు నడిచింది.

"ఎజ్రా అండి, అయ్యగారూ. నాలుగో అధ్యాయం ఎనిమిదో వచనం నుంచి. తప్పు నాదేనండి. మిగతా పాఠమంతా కూడా నాదే."

మొగుడి ముందు చెయ్యి చాపింది.

"మైకు ఇలా ఇవ్వండి."