ఆమేన్ అనేదాకా

పందొమ్మిదో రోజు కాఫీ కూడా చేదుగానే దిగింది. సింకులో పోశాను.

కరుణ తాగింది ఇది కాదు. ఆ సంగతి వాసన చెబుతుంది. రుచి నాకు తెలియదు. నా భార్య బతికున్నప్పుడు నేను ఆ కాఫీ ఒక్క గుక్క కూడా తాగలేదు. ఆమె పోయి ఐదు నెలలు. ఆఖరి ఏడాది రోజూ పొద్దున ఏం తాగిందో నా నాలుకకు తెలియాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

సామానంతా ఆమెదే. తెల్ల పింగాణీ గరాటు, అందులో పెట్టే కాయితాలు, సన్నమూతి కెటిల్, బొంబాయిరవ్వలా బరకగా ఆడించిన అరకు పొడి. గరాటును కప్పు మీద పెట్టి, కాయితంలో పొడి వేసి, పైనుంచి వేడినీళ్ళు పోయాలి. కిందికి ఒక్క కప్పు దిగుతుంది. అంతకుముందు నలభై ఏళ్ళు మా ఇంట్లో ఇత్తడి ఫిల్టరు నడిచింది. దాని కొలత ఇద్దరికి.

నేను సినిమాల్లో కంటిన్యుటీ రాసేవాణ్ణి. షాటు ఆగేసరికి హీరో కప్పు ఏ చేతిలో ఉంది, అందులో కాఫీ ఎంత మిగిలింది, అన్నీ రాసిపెట్టాలి. మూడు వారాల తర్వాత మిగతా సీను తీసినా అలాగే ఉండాలి. లేకపోతే తెర మీద సగమైన కప్పు దానంతటదే నిండుతుంది. ముప్పై ఆరేళ్ళలో నా పుస్తకంలో అలాంటి తప్పు ఒక్కటీ దొర్లలేదు. ఇంట్లో మనిషి పాలకాఫీ మానేసి నల్లకాఫీకి మారింది. చూశాను. రాసుకోలేదు.

"ఒక్క గుక్క తాగి చూడండి," అనేది.

"గరాటు కాఫీ నాకొద్దు. కషాయం వడగట్టినట్టుంది."

"అయితే మీ డికాక్షను మీరు తాగండి."

ఆరింటికి నేను ఫిల్మ్‌నగర్ ఎత్తుల్లో నడకకు వెళ్ళేవాణ్ణి. నేను వెళ్ళాక చేసుకునేది. పనిమనిషి కొమురమ్మ షేక్‌పేట నుంచి అదే వేళకు వచ్చేది.

పాలు పడకపోవడానికి కారణం కడుపులో గడ్డ. నాకు తెలిసేసరికి ఇక ఆరు వారాలే అన్నారు. కొమురమ్మకు అంతకు నాలుగు నెలల ముందే తెలుసు. పరీక్షలకు తోడు వెళ్ళింది అదే. నాతో నోరు విప్పలేదు. కరుణ పోయాక ఇంట్లో ప్రార్థనకు ఆదరణ కూడిక పెట్టిన మర్నాడు, కుర్చీలు సర్దుతున్నదాన్ని ఆపి, ఇక పనికి రావద్దన్నాను. క్షమించడం గురించి పాస్టరుగారు నాలుగు మాటలు చెప్పబోయారు. ఆయన్నీ రావద్దన్నాను.

ఇరవయ్యో రోజు కాఫీ పెట్టలేదు. షేక్‌పేట వెళ్ళాను. ఫ్లైఓవర్ దిగి, పాత ఊళ్ళో రెండు సందులు దాటితే దాని ఇల్లు. గడప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"ఏంది సార్, తొవ్వ తప్పినరా?"

"నీతోనే పని."

"పని వద్దన్నరు గద."

"అమ్మగారు కాఫీ ఎలా చేసుకునేదో చెప్పు."

చిక్కుడుకాయ పట్టుకున్న చెయ్యి ఆగింది. "గా గరాటు కాఫీనా?"

"నేను చేస్తే చేదు దిగుతోంది."

"దిగుతది. చెయ్యి మీది గద."

పక్క గడప మీద ఉన్న ఆడమనిషి కిసుక్కుమంది. కొమురమ్మ నవ్వలేదు. "నోటితోని చెప్తే రాదు సార్, చూడాలె. రేపు ఆరింటికి వస్త. ఏడింటికి జూబ్లీహిల్స్‌ల నాకు వేరే ఇల్లున్నది, జల్ది పోవాలె. మల్ల పనికి వస్తున్నననుకోకుండ్రి."

"అనుకోను."

ఆరింటికే వచ్చింది. వంటింట్లో ఏది ఎక్కడుందో ఒకసారి కలియజూసి గోడ పక్కన నిలబడింది.

"మీరే చెయ్యుండ్రి. నేను ముట్ట."

కాయితం పెట్టి పొడి వేయబోయాను.

"ముందుగాల కాయితం తడపాలె. లేకుంటే కాయితం వాసనొస్తది. గా నీళ్ళు పారబొయ్యుండ్రి."

తడిపి పారబోశాను. మూడు చెంచాల పొడి వేశాను. నీళ్ళ మరుగు తగ్గేదాకా ఆగమంది. ఆగాను. కెటిల్ ఎత్తి పోయడం మొదలుపెట్టాను.

"బస్. ఆపుండ్రి."

"ఇంకా పొడే సరిగ్గా తడవలేదు."

"గంతే. ఇగ ఆగాలె."

"ఎంతసేపు?"

"అమ్మ పెదవులు కదులుతుండె. లోపల్లోపల ఏందో చదివేది. చదువుడు అయినంక ఆమేన్ అని పైకి అనేది. గప్పుడు మల్ల పోసేది."

ఏం చదివేదో అడగనక్కర్లేదు. పరలోక ప్రార్థన. నరసాపురం పక్క మా ఊరి మిషన్ బడిలో నేను ఎనిమిది దాకా చదివాను. కరుణ నా వెనక తరగతి. రోజూ ఆ ప్రార్థన వరస తప్పకుండా చెప్పించేవారు. ఒక్క మాట మింగితే బెత్తం. మా పేటలో గడియారాలు లేవు. ఆడవాళ్ళు గుడ్డు ఉడికిందా లేదా అన్నది కూడా ఆ ప్రార్థనతోనే కొలిచేవారు.

కరుణ పోయాక నేను దాన్ని చెప్పలేదు. ఇప్పుడు కాఫీ కోసం పెదవులు కదిపాను. మనకు తప్పు చేసినవాళ్ళను క్షమించే మాట వచ్చింది. దాన్ని దాటేసి చివరికి వచ్చాను.

"ఆమేన్."

"గప్పుడే?" కొమురమ్మ గరాటులోకి వంగి చూసింది. "అమ్మకు గింత జల్ది కాకుండె. చూడుండ్రి, బుడగలు ఇంక లేస్తనే ఉన్నయి. నడుమ ఏమన్న ఇడిసిపెట్టినరా?"

దానిది మా మతం కాదు. ఆ ప్రార్థనలో ఏముందో దానికి తెలియదు. మిగతా నీళ్ళు పోశాను. దిగింది తాగి చూశాను. చేదు తగ్గింది గాని ఆ వాసన లేదు. సింకులో పోశాను.

"వన్ మోర్," అన్నాను. టేకు బాగాలేకపోతే మళ్ళీ తీయడానికి సెట్లో అనే మాట.

"అమ్మ గూడ గట్లనే అనేది, మీ లెక్క గొంతు పెట్టి." కొమురమ్మ పెదవి చివర కొంచెం నవ్వు వచ్చింది. "నేను గిన్నె సరిగ్గ తోమకుంటే వన్ మోర్. చీర మడత సక్కగ లేకుంటే వన్ మోర్. ఇద్దరం ఒకటే నవ్వుడు."

ఈ ఇంట్లో నవ్వులు ఉండేవని నాకు తెలియదు. కొత్త కాయితం తీసి తడిపాను. నీళ్ళు పొయ్యి మీద పెట్టి, అటు తిరిగే అడిగాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఒట్టు పెట్టించుకున్నది."

"నాలుగు నెలలు."

"రోజు పోరు పెట్టిన సార్. సారుకు చెప్పమ్మా, చెప్పమ్మా అని. 'చెప్తే ఆయన తప్పు ఎక్కడ జరిగిందో ఎతుక్కుంట కూసుంటడు కొమురమ్మా, నా పక్కన కూసోడు' అన్నది. ఇగ నేనేం చెప్పాలె?"

నీళ్ళు మరిగాయి. స్టవ్ ఆపాను.

నాకు తెలిశాక మిగిలిన ఆరు వారాలూ నేను చేసింది అదే. రిపోర్టులన్నీ తారీఖుల వరసలో పెట్టాను. ఏ డాక్టరు ఏ రోజు ఏం చూడకుండా వదిలేశాడో వెతికి వెతికి రాశాను. నలభై పేజీలు. కరుణ పక్కగదిలో పడుకుని ఉంది. రెండుసార్లు పిలిచింది. వస్తున్నానన్నాను.

పొడి తడిపి కెటిల్ దించాను. పెదవులు కదిపాను. ఆ మాట దగ్గరికి వచ్చాను. ఈసారి దాటలేదు. మనసొప్పి అనలేదు, కాఫీ కోసం అన్నాను. దానికి ముందొక ఊపిరి, తర్వాతొక ఊపిరి పట్టాయి. బుడగలు ఒక్కొక్కటే పగిలి పొడి అణిగింది.

"ఆమేన్," అంది కొమురమ్మ, నాకంటే ముందు.

మిగతా నీళ్ళు పోస్తుంటే వాసన వచ్చింది. నడక నుంచి తిరిగొచ్చి చెప్పులు విప్పేటప్పుడు రోజూ తగిలిన వాసన. తాగాను. పలచగా, కొంచెం పుల్లగా ఉంది. నోట్లో ఎక్కువసేపు నిలవలేదు.

"ఇదేనా?"

"వాసన గదే. నాకు జర పొయ్యుండ్రి, చెప్త."

స్టీలు గ్లాసు తీశాను. కొమురమ్మ తల అడ్డంగా ఊపింది. "అమ్మ నాకు సాసర్ల పోసేది." సాసర్లోనే పోశాను. ఊదుకుంటూ తాగి మొహం చిట్లించింది.

"గిదే."

"ఆవిడకు నచ్చేదా?"

"ఏం నచ్చుడు సార్. పాలు పడక తాగింది. మీకోసం ఫిల్టర్ల డికాక్షన్ దిగుతుంటే మూత తీసి వాసన గుంజుకునేది. అమ్మకు ఇష్టమైంది గది."

ఏడు కావస్తోంది. ఆమె సాసరు కడిగి బోర్లించింది. గుమ్మం దాకా వెళ్ళాను. నేను అడుగుతానని అనుకోలేదు. అడిగాను.

"రేపు వస్తావా?"

కొమురమ్మ చెప్పులు వేసుకుంది. "మీరు రావద్దన్ననాడు నా చేతిల కుర్చీ ఉండె సార్. కింద పెట్టేదాక గూడ ఆగలే మీరు. నాకు యాదికున్నది." మెట్లు దిగి, సందులో ఆగి ఉన్న షూటింగు జనరేటర్ వ్యాను పక్కనుంచి వెళ్ళిపోయింది.

మర్నాడు నడకకు వెళ్ళలేదు. కాయితం తడిపాను. పొడి తడిపాను. ప్రార్థనలో ఆ మాట వచ్చింది. దానికి రెండో సగం ఉంది, మన తప్పులు క్షమించమని అడిగేది. నిన్న దాన్ని చూసుకోలేదు. అక్కడ ఆగిపోయాను. బుడగలు ఎప్పుడో అణిగాయి. కెటిల్లో నీళ్ళు చల్లబడ్డాయి. ఆమేన్ అనడానికి పక్కన ఎవరూ లేరు. చివరికి నేనే అన్నాను.

ఆ గోరువెచ్చటి నీళ్ళకు కాఫీ మరీ పలచగా దిగింది. వాసన కూడా లేదు. సింకులో పోయలేదు. వంటింట్లో నిలబడి కప్పంతా తాగాను.