గడ్డి డబ్బాలో పడిన కాలు

క్వారీ పక్కన రేకుల షెడ్డులో నాన్న మ్యూజియం కోసం రాళ్లలోంచి పాత ఎముకలు తీస్తాడు. సూదితో, బ్రష్షుతో పెద్ద ముక్కకైతే వారం పడుతుంది. సెలవుల్లో వాటిని వేరు చేసే పని నాది. మా పద్ధతి సులువు. కోరలుంటే మాంసం డబ్బా, గిట్టలుంటే గడ్డి డబ్బా. గడ్డి తినేవాటి ముక్కలు కుప్పలుగా దొరుకుతాయి, మ్యూజియానికి ఇక అక్కర్లేదు. అందుకే ఆ డబ్బా నిండగానే కంకర కొట్టే క్రషర్‌కి పంపేస్తాం.

మొన్న ఒక బండలోంచి మూరెడు పొడవున్న కోరల దవడ బయటపడింది. దాన్ని ఆనుకునే మూడు గిట్ట ఎముకలు.

"పాపం, అన్నం ముందు కూర్చునే పోయినట్టుంది," అని నాన్న నవ్వాడు.

దవడను మాంసంలో, గిట్టల్ని గడ్డిలో వేశాను.

ఇవాళ మ్యూజియం మేడమ్ వచ్చింది. నెలాఖరుకు షెడ్డు మూసేయమని పైవాళ్లు చెప్పారట. మూసేస్తే నాన్న మళ్లీ క్రషర్ దుమ్ములోకి వెళ్లాలి. అక్కడ పట్టుకున్న దగ్గు వదలడానికే రెండేళ్లు పట్టింది.

దవడ చూడగానే మేడమ్ గబుక్కున దాని ముందు కూర్చుంది.

"అన్నా, ఇది గిట్టలున్న వేటజంతువు. తోడేలు నోరు, మేక కాళ్లు అనుకోండి. తల ముక్కలే తప్ప దీని కాళ్లు మాకెప్పుడూ చిక్కలేదు. ఒక్క కాలి ఎముక చూపించండి, షెడ్డు మూయనివ్వను."

నాన్న మొహం వెలిగింది. "ఒకటేంటి మేడమ్, మూడున్నాయి. అమ్మలూ, గడ్డి డబ్బా పట్రా."

డబ్బా నిండిందని పొద్దునే ట్రాలీ ఎక్కించింది నేనే.

"పంపించేశాను నాన్నా," అన్నాను. నా మాట నాకే వినపడలేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

ముగ్గురం క్రషర్ దగ్గరికి పరుగెత్తాం.

"మీ ఎముకలా బావా? ఎప్పుడో నమిలేసింది. దీని పళ్ల ముందు మీ జంతువు పళ్లెంత?" అని మేస్త్రీ నవ్వబోయి, మా మొహాలు చూసి ఆగిపోయాడు.

కంకర కుప్ప రెండు నిలువుల ఎత్తుంది. మోకాళ్ల మీద కూర్చుని వెతికాను. తెల్లగా కనిపించిందల్లా సున్నపురాయే.

"ఎవరు పంపారు?" అని మేడమ్ అడిగింది.

"నేనే," అన్నాడు నాన్న.

కాదని చెప్పాలని నోరు తెరిచాను. మళ్లీ కంకరలోకే వంగాను. మేడమ్ కాగితం మీద ఏదో రాసుకుని కారెక్కింది.

నాన్న చేతులు దులుపుకుని మేస్త్రీ దగ్గరికి నడిచాడు.

"పొద్దుటి షిఫ్టులో ఖాళీ ఉందా బావా?"

మేస్త్రీ నా వైపు చూశాడు. నేనింకా కంకర ఏరుతూనే ఉన్నాను.