కనుసైగ దూరం

మా ఆయన మొండివాడని ముందే చెప్పేస్తే ఈ కథ సగం అయిపోయినట్టే. మిగతా సగం మా కోడలిది. ఆ పిల్ల గురించి చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెద్దదవుతుంది, ఏమీ అనుకోకండి.

మాది ఫోటో స్టూడియో. కింద దుకాణం, పైన ఇల్లు. మా ఆయన ఫోటోలు తీసేవాడు, నేను సన్న కుంచె పట్టుకుని వాటిమీది మొటిమలూ మచ్చలూ మాయం చేసేదాన్ని. ఇప్పుడు ఆయన చేతులు వణుకుతున్నాయి. మావాడు బస్సు నడుపుతాడు, వాడికి కెమెరా అంటే గిట్టదు. దుకాణం నడిపేది కోడలే. రేడియోలు బాగుచేసే ఇంట్లో పుట్టిన పిల్ల. మా ఇంటికి వచ్చిన రోజే సంచిలో కరెంటు కొలిచే మీటరు తెచ్చుకుంది. "ఇదెందుకమ్మా?" అంటే, "అలవాటత్తయ్యా, ఇది లేకపోతే నాకు చేతులు బోసిగా ఉంటాయి" అంది. ఆ రోజే నాకు నచ్చేసింది.

ఏటా మా వీధి దుకాణాలవాళ్ళంతా కలిసి, వీధి చివర హాల్లో మెట్లమీద నిలబడి ఒక ఫోటో దిగుతారు. అవన్నీ మా గోడమీద వరసగా ఉన్నాయి. అన్నిట్లోనూ అందరూ ఉన్నారు, తీసిన మనిషి తప్ప. ఈసారి తీసేది కోడలు కాబట్టి ఆయన కూడా వరసలో నిలబడొచ్చు. ఆ ఒక్క ఫోటో నాకు కావాలి. ఆయన లేని ఆ గోడని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

ఆయనేమో భీష్మించుకు కూర్చున్నాడు. "నా ఫ్లాష్ ఆ కెమెరా మీద ఉంటేనే నేను ఫోటోలో ఉంటాను. లేదంటే నన్నొదిలేయండి."

ఆ ఫ్లాష్ ఆయన ప్రాణం. ఇటుకంత బరువుంటుంది. వెలిగిందంటే హాలంతా పట్టపగలే. ఇంట్లో దాన్ని 'పెద్దాయన' అంటాం. ఆయన కాలంలో దాన్ని కెమెరా నెత్తిమీది గాడిలోకి తోసి మీట నొక్కేవారు, అంతే.

"నెత్తికెక్కించడం కుదరదు మామయ్యా" అంది కోడలు.

ఆయన మొహం మాడిపోయింది. "విన్నావా? నా వస్తువుని నెత్తికెక్కించుకోదట!" అన్నాడు నాతో. "నేనన్నది కెమెరా నెత్తి గురించి మామయ్యా, దీని కరెంటుకి కొత్త కెమెరా కాలిపోతుంది" అని ఆ పిల్ల మొత్తుకుంది. వింటేగా!

ఫోటో రోజు పొద్దున కోడలు స్టాండ్లు దింపిరావడానికి హాలుకి వెళ్ళింది. నేను దుకాణంలోకి దిగేసరికి మా ఆయన ఒక చేతిలో కోడలి కొత్త కెమెరా, ఇంకో చేతిలో పెద్దాయన. ఫ్లాష్ వెనక ఎర్ర దీపం వెలుగుతోంది, అంటే లోపల కరెంటు నిండుగా ఉందన్నమాట. దాని పాదం గాడి అంచుదాకా వచ్చేసింది.

"ఆపండి!"

నా అరుపుకి ఎదురు దుకాణం తాళాలాయన కూడా బయటికొచ్చాడు.

"ఒక్కసారి పెట్టి చూస్తే ఏం పోతుందే?" అన్నాడు మా ఆయన.

"కెమెరా పోతుంది! అది పోతే దుకాణం పోతుంది! కోరి కొరివితో తల గోక్కుంటారా?"

సరిగ్గా అప్పుడే కోడలు తిరిగొచ్చింది. మా ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. నేనైతే వీధంతా వినేలా కడిగేసేదాన్ని. ఆ పిల్ల కెమెరా తీసుకుని సొరుగులో పెట్టింది. పెద్దాయన్ని చెక్క బల్లమీద పడుకోబెట్టి, మీటరు ఆయన ముందుకి జరిపింది.

"మీరే చూడండి మామయ్యా. ఎర్ర తీగ దీని పాదం మధ్యలో ఉన్న చుక్కకి, నల్లది పక్కనున్న ఇనుముకి. తీగలు నేను పట్టుకుంటాను, అంకె మీరు చదవండి. వేళ్ళు మాత్రం దగ్గరికి తేవద్దు."

ఆయన కళ్ళజోడు సర్దుకుని వంగాడు. "రెండొందల ముప్పై!"

"మీ పాత కెమెరాలో మీట నొక్కితే రెండు రేకులు కలిసేవి, వాటికి ఎంతైనా ఒకటే. దీన్లో అన్నీ సన్నపాటి కంప్యూటరు ముక్కలు. ఇది ఓర్చుకునేది ఎన్ని ఓల్టులో దీని పుస్తకంలోనే రాశారు. మీ అంకెకి ఎక్కడా అందదు."

"అంటే నాది పనికిరాదంటావు."

"మీదానికి బలం ఎక్కువైంది మామయ్యా. తట్టుకోలేనిది నాదే."

మీసం కింద నవ్వు దాచుకోవడం ఆయనకి చేతకాదు. "రెండొందల ముప్పై! ఈ వయసులో!" అన్నాడు, తాళాలాయనకి వినపడేలా.

"మీ బీపీ కూడా అటే పోతోంది, దానికి మాత్రం ఎవరూ చప్పట్లు కొట్టరు" అన్నాను నేను.

కోడలు సంచిలోంచి అగ్గిపెట్టెలో సగమున్న నల్ల బిళ్ళ ఒకటి తీసింది. "ఇది కన్ను. పెద్దాయన పాదానికి తగిలిస్తాను. ఆ కరెంటు తట్టుకునేదే వెతికి తెచ్చాను. పెద్దాయన దూరంగా స్టాండుమీద ఉంటాడు. కెమెరా మీద నా బుల్లి ఫ్లాష్ మెరవగానే ఈ కన్ను చూస్తుంది, ఆయన వెలుగుతాడు. మధ్యలో తీగ లేదు, ఒకర్నొకరు తాకరు."

"కనుసైగ చేస్తే చాలంటావు."

"పెద్దవాళ్ళకి అంతకంటే ఏం కావాలి?"

పామూ చావలేదు, కర్రా విరగలేదు. నాకు ఆ పిల్లని ఎత్తుకుని తిప్పాలనిపించింది. నడుము ఒప్పుకోక ఊరుకున్నాను.

"పనిచేస్తే చూద్దాం" అన్నాడు ఆయన. బట్టలు మాత్రం ఇస్త్రీవి వేసుకున్నాడు.

హాల్లో అందరూ మెట్లెక్కారు. ఆయన రెండో వరస చివర, నేను ఆయన పక్కన. ఓ వారగా ఎత్తైన స్టాండుమీద పెద్దాయన. కోడలు నొక్కింది. రెండు ఫ్లాష్‌లూ మెరిశాయి. ఆమె కెమెరా తెర చూసుకుని పెదవి కొరికింది. ఫోటోలో మేమున్న సగం చీకటి.

"నే చెప్పలా!" అంటూ మా ఆయన ఒక మెట్టు దిగాడు. ఆయన బయటికి నడిచాడంటే ఇక ఏ ఏడూ ఆ మెట్లెక్కడు.

కోడలు మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే చీకటి. ఆయన దిగేవాడల్లా ఆగిపోయాడు.

"ఉండమ్మా" అన్నాడు. "నీ బుల్లిది రెండుసార్లు మెరిసింది."

మాలో ఎవరికీ కనపడలేదు. వెలుగుల మధ్యే ముసలైన కళ్ళు, ఆయనకి కనపడింది. "మొదటి మెరుపుకే మావాడు తొందరపడి వెలిగేశాడు. అసలు ఫోటో వేళకి వాడిలో ఊపిరి లేదు."

కోడలు నుదురు కొట్టుకుంది. "వెలుతురు కొలుచుకోవడానికి అది ముందొకసారి మెరుస్తుంది మామయ్యా! ఆ సంగతే మర్చిపోయాను." చిన్న ఫ్లాష్ వెనక ఏదో మీట మార్చింది. "ఇప్పుడు ఒక్కసారే."

"కన్ను కొడితే ఒక్కసారే కొట్టాలమ్మా. కావాలంటే మీ అత్తయ్యనడుగు."

హాలంతా గొల్లుమంది. ఇంత వయసొచ్చాక నా చెవులు ఎర్రబడ్డాయి. ఆయన మెట్టెక్కి నా పక్కన ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. కోడలు నొక్కింది. హాలు పట్టపగలైంది.

ఫోటో అద్దంలా వచ్చింది. అందరూ కెమెరా వైపు చూస్తున్నారు. ఆయన ఒక్కడే పక్కకి తిరిగి, స్టాండుమీది పెద్దాయన్ని చూస్తున్నాడు, బడిలో మొదటొచ్చిన కొడుకుని చూసినట్టు.

"ఇంకోటి తీస్తాను, మీరు నావైపు చూడలేదు" అంది కోడలు.

"ఇదే ఉండనీ" అన్నాడు.

మర్నాడు కాగితంమీద అచ్చు తీశాం. మా ఫోటోల వెనక ఎప్పుడూ స్టూడియో ముద్ర ఒకటే ఉండేది. ఈసారి ఆయన కలం అడిగి, వణికే చేత్తో చాలాసేపు రాశాడు: 'ఫోటో: కోడలు. వెలుగు: మామ.'

ఆ పిల్ల అది చదివింది. తల దించుకుని, చుట్టి ఉన్న మీటరు తీగల్ని విప్పి మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది. నాకూ కళ్ళు నిండాయి, కానీ ఇద్దరూ కలిసి నన్ను వదిలేస్తే ఊరుకుంటానా? కలం లాక్కుని కింద ఇంకో ముక్క రాశాను.

'పెద్దాయన నెత్తికెక్కకుండా ఆపింది: అత్త.'