చిల్లు పడని రూబుల్

కజాన్‌లో పాత నాణేలు పోగుచేసేవాళ్ళలో వెనియమిన్ అర్కాదియెవిచ్‌కు గట్టి పేరే ఉంది. జార్ల కాలపు వెండి కోసం ఆయన ఏటా వేసవిలో వోల్గా ఒడ్డున ఉన్న చువాష్ పల్లెలన్నీ గాలిస్తాడు. అక్కడ పెళ్ళయిన ఆడవాళ్ళు తలకు పెట్టుకునే ఖుష్పుల నిండా పాత రూబుళ్ళే కుట్టి ఉంటాయి. చిక్కల్లా, కుట్టాలంటే చిల్లు పెట్టాలి. చిల్లుపడ్డ రూబుల్ ఆయన దృష్టిలో పుచ్చు వంకాయ.

అందుకే ఆ పల్లెల్లో ఒకచోట పినెర్పి అవ్వ పెట్టె అడుగు నుంచి చిల్లు లేని రూబుల్ ఒకటి తీసి చేతిలో పెట్టేసరికి ఆయన దాన్ని గబుక్కున వెలుగుకు పట్టాడు. దాని మీది సంవత్సరం మళ్ళీ మళ్ళీ చూసుకున్నాడు. టంకశాల లెక్కల్లో ఆ సంవత్సరం వేలకు వేలు కొట్టినట్టే ఉంటుంది. ఎన్ని కొట్టారన్నది ఒకటి, ఎన్ని మిగిలాయన్నది మరొకటి. చాలామటుకు టంకశాల గడప దాటకముందే కరిగించేశారు. సగం జీవితం ఆయన వెతికింది దీనికోసమే.

"దీనికి మాత్రం మా అమ్మ చిల్లు పెట్టనిచ్చేది కాదు నాయనా" అంది అవ్వ. "గొప్పదేమోనని ఆవిడ అనుమానం. చదువుకున్నోడివి, నువ్వు చెప్పు."

నిజం చెబితే ఊరంతా పాకుతుంది, నాణెం చేజారుతుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఆయన కిటికీ వైపు చూస్తూ అన్నాడు.

"ఇలాంటివి లక్షల్లో కొట్టారవ్వా. నా పెట్టెలో ఒక గడి ఖాళీగా ఉంది, ఇస్తే నింపుకుంటా, అంతే."

మనవరాలు ఇలెంపి పెళ్ళి అయ్యేదాకా ఇంట్లో వెండి ఏదీ గుమ్మం దాటకూడదనీ, పెళ్ళికి వస్తే అప్పుడు చూద్దామనీ అవ్వ అంది. మరీ బలవంతపెడితే అనుమానం వస్తుందని ఆయన సరేనన్నాడు. కజాన్ వెళ్ళి, రూబుల్ సరిగ్గా ఇమిడేలా మఖమల్ వేసిన డబ్బీ ఒకటి చేయించుకున్నాడు.

పెళ్ళిలో ఇంటి బీరు పొంగుతోంది. ముత్తైదువలు ఇలెంపి ముసుగు తీసి తలకు ఖుష్పు పెట్టారు. నుదుటి మీద, నట్టనడుమ, బూడిదతో తళతళా తోమిన ఆ రూబుల్, దాని మీది రెండు తలల గద్ద. ఒక తల ఉండాల్సిన చోట చిల్లు, అందులో దారం.

వెనియమిన్ చెయ్యి జేబులోని డబ్బీ మీదికి వెళ్ళింది.

అవ్వ పక్కకొచ్చి కూర్చుంది. "నీ మాటతో మనసు తేలికపడింది నాయనా. గొప్పదైతే దాని విలువ తెలిసినోళ్ళకి ఊరికే ఇచ్చెయ్యమని మా అమ్మ మాట తీసుకుంది. ఇస్తే నీకే ఇచ్చేదాన్ని. మామూలుదే అన్నావుగా, పిల్లకి పనికొచ్చింది."

ఆయనకు ముందు ఆవిడ మీద మండింది, ఆ తర్వాత తన మీద. ఏడుపు కూడా వచ్చింది గానీ పెళ్ళిలో బాగుండదని మింగాడు.

అవ్వ కొంగు ముడి విప్పింది. కమ్మరి రూబుల్‌కు చిల్లు పొడిచినప్పుడు ఊడిన వెండి ముక్క, కందిగింజంత, అందులో ఉంది.

"గడి ఖాళీగా ఉందన్నావుగా. నీకోసమే దాచా."

ఆయన దాన్ని మఖమల్ మీద పెట్టి మూత వేశాడు. ఇంకెవరి దగ్గరా ఇలాంటిది లేదని ఇప్పుడు ఎవరికైనా నిజమే చెప్పొచ్చు.